కన్ను కుట్టిన కాజాలమ్మ

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆవిడకి ఒకటి ఉండేది గానీ, అది కాగితాల మీద తప్ప ఎవరి నోటా పలికేది కాదు. వీధి వీధంతా ఆవిడని కాజాలమ్మ అనే పిలిచేది. చుట్టుపక్కల దర్జీలు కుట్టిన చొక్కాలు మూటలుగా ఆవిడ గదికి వచ్చేవి. కిటికీ పక్కన చాప వేసుకుని, ఆవిడ వాటికి చేత్తో కాజాలు కుట్టి, గుండీలు వేసి పంపేది. కాజాలకి మిషన్లు వచ్చి ఎన్నాళ్ళయినా, ఖరీదైన గుడ్డ చేతికొస్తే మాత్రం దర్జీలు ఆవిడ తలుపే తట్టేవాళ్ళు.

అరవై దాటినా కళ్ళజోడు లేకుండా సూదిలోకి దారం ఎక్కించేది. దాని గురించి ఆవిడకున్న గొప్ప ఇంతా అంతా కాదు. ఎవరైనా దారాన్ని నోట తడిపి, సూదిని వెలుతురుకి ఎత్తి, బెజ్జం కోసం తంటాలు పడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయేది. "ఇలా తే" అని లాక్కుని, చటుక్కున ఎక్కించి చేతిలో పెట్టేది. సాయం చేస్తోందా, వెక్కిరిస్తోందా అన్నది ఎదుటివాళ్ళకి ఎప్పుడూ తెలిసేది కాదు.

అలాంటి మనిషి మనవరాలికి ఒక కన్ను సరిగ్గా ఆనడం లేదన్నారు. కాజాలమ్మ దాన్ని కబురులా వినలేదు, తిట్టులా విన్నది.

మనవరాలికి నాలుగేళ్ళు. ఒక్కచోట నిలవదు కాబట్టి బొంగరం అనేవాళ్ళు. పిల్లల బడిలో కళ్ళ పరీక్ష పెట్టినప్పుడు, ఎడమ కన్ను మూస్తే గోడ మీద బొమ్మలన్నీ గడగడా చెప్పేసిందట. కుడి కన్ను మూసేసరికి చెయ్యి తోసేసి ఏడుపు అందుకుందట. అప్పటిదాకా ఆ పిల్ల ఒంటికంటితోనే గంతులేస్తోందని ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు. ఉన్న చూపంతా చొక్కాలకే పోసిన కాజాలమ్మ అసలే కనిపెట్టలేదు.

కళ్ళాసుపత్రికి కూతురితో పాటు కాజాలమ్మ వెళ్ళింది, వియ్యపురాలూ వచ్చింది. డాక్టరమ్మ చిన్నదే గానీ ఓపికగా చెప్పింది.

"పాపకి కుడి కన్ను బాగా కనపడుతోంది కదా, మెదడు దాని మాటే వింటోంది. ఎడమది పని మానేసి కూర్చుంది. బద్ధకపు కన్ను అంటాం దీన్ని. కళ్ళజోడు పెడదాం. దాంతోపాటు రోజూ కొన్ని గంటలు మంచి కన్ను మీద ఈ బిళ్ళ అంటించాలి. అప్పుడు ఎడమది చచ్చినట్టు పని చేస్తుంది."

"బాగున్న కన్నుకా మూత?" అంది కాజాలమ్మ.

"దానికేనమ్మా. ఇప్పుడైతేనే లాభం. ఏడెనిమిదేళ్ళు దాటాయంటే ఆ కన్ను మన మాట వినడం కష్టం. తర్వాత ఎన్ని కళ్ళజోళ్ళు మార్చినా అంతే."

"మా వైపు బద్ధకస్తులు ఎవరూ లేరమ్మా," అంది కాజాలమ్మ, వియ్యపురాలి సోడాబుడ్డి కళ్ళద్దాల వంక చూస్తూ.

వియ్యపురాలు భారీ మనిషి, మాటా నడకా రెండూ నిదానం. ఒకప్పుడు బస్సుల ఆఫీసులో టికెట్ల కిటికీ వెనక కూర్చునేది. ఎవరేమన్నా చిల్లర లెక్కపెట్టుకుంటున్నట్టే ఉండే అలవాటు అక్కడే వచ్చింది. ఆవిడ ఆ మాట విననట్టే ఊరుకుని, బిళ్ళ చర్మానికి దురద పెడుతుందా, అంటించే ముందు మొహం కడగాలా అని డాక్టరమ్మని అడిగింది. ఆ అడగడం కూడా కాజాలమ్మకి నచ్చలేదు. అన్నీ తనకే పట్టినట్టు ఏమిటా ఆరాలు అనుకుంది.

కూతురు, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళే. బొంగరం వారంలో సగం రోజులు అమ్మమ్మ దగ్గర, సగం నానమ్మ దగ్గర ఉండేది. కాజాలమ్మ పనిలో ఎంత కచ్చితమో బిళ్ళ దగ్గరా అంత కచ్చితం. పిల్ల గుమ్మంలో అడుగు పెట్టగానే పట్టుకుని అంటించేసేది. పిల్ల గుక్కపెట్టి ఏడ్చేది. నేల నిండా సూదులు, కత్తెరలు ఉండేవి కాబట్టి, గదికి ఆ చివర మంచం మీద బొమ్మతో కూర్చోబెట్టి, "ఇటు రాకు, గుచ్చుకుంటాయి" అనేది. తను ఈ చివర కిటికీ దగ్గర కాజాల్లో తల దూర్చేది. బొంగరం బిళ్ళ గీరుకునేది, మంచం దిగబోయి పెట్టెకి కొట్టుకునేది, మళ్ళీ ఏడ్చేది. బిళ్ళ పీకే వేళకి అలిసిపోయి, అమ్మమ్మ వైపు వీపు పెట్టి పడుకునేది.

నానమ్మ తీసుకెళ్ళడానికి వచ్చిన సాయంత్రం మాత్రం ఆ పిల్లకి రెక్కలొచ్చేవి. మెట్ల మీద ఆవిడ ఆయాసం వినపడగానే చెప్పులు వేసుకుని సిద్ధం. "నానమ్మా" అంటూ ఆ పెద్ద ఒళ్ళో దూరిపోయేది, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాలన్న ధ్యాస కూడా ఉండేది కాదు. పురుడు పోసింది తను, రాత్రుళ్ళు భుజాన వేసుకుని తిరిగింది తను, ముద్దులు మాత్రం ఆవిడకి. కాజాలమ్మకి కన్ను కుట్టింది. జీవితమంతా కుట్టుపనే చేసింది గానీ, ఈ కుట్టు మాత్రం ఎప్పుడూ ఇంత లోపలికి దిగలేదు.

ఒకరోజు బిళ్ళ అంటిస్తుంటే బొంగరం అంది, "నానమ్మ ఇంట్లో బిళ్ళ నొప్పి పెట్టదు."

"ఎందుకు పెట్టదు?"

"పెట్టదు అంతే."

కాజాలమ్మ చెయ్యి ఆగింది. నొప్పి పెట్టని బిళ్ళ ఏముంటుంది, అసలు అంటించని బిళ్ళ తప్ప? ఆ సాయంత్రమే కూతురి చెవిన వేసింది.

"మీ అత్తగారు అంటిస్తోందో లేదో ఓ కన్నేసి ఉంచవే. పిల్లకి మంచిదనిపించుకోవాలని పీకేస్తోందేమో."

"అత్తయ్య అలాంటిది కాదమ్మా."

"నేను అలాంటిదాన్నా మరి?"

"నిన్నెవరన్నారు?" అంటూ కూతురు సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆ 'అత్తయ్య' అన్న మాటలోని చల్లదనం కాజాలమ్మ కడుపులో రాత్రంతా మండింది. అయినా ఊరుకోలేదు. కూతురు వచ్చినప్పుడల్లా అదే మాట ఓ చుక్క, అదే అనుమానం ఓ చుక్క పోస్తూనే ఉంది.

ఇంకో రోజు మంచం మీంచి బొంగరం తనంతట తనే చెప్పింది, "నానమ్మ బాగుంటుంది. గెడ్డం కింద రెండు మడతలుంటాయి."

"మరి నేను?"

బొంగరం బిళ్ళ మొహాన్ని ఇటు తిప్పి, గదికి ఆ చివర నుంచి చాలాసేపు చూసింది. "నువ్వు పొగలా ఉంటావు," అంది.

కాజాలమ్మ వేలికి సూది గుచ్చుకుంది. ఇన్నేళ్ళలో ఆవిడకి సూది గుచ్చుకోవడం చూసినవాళ్ళు లేరు. అయితే సంగతి ఇదన్నమాట అనుకుంది. అక్కడ బిళ్ళ ఉండదు, మంచి కన్ను తెరిచి ఉంటుంది, ఆవిడ గెడ్డం మడతలతో సహా కనపడుతుంది. ఇక్కడేమో డాక్టరు మాట తు.చ. తప్పకుండా పాటించినందుకు తను పొగైపోయింది. కష్టం ఒకరిది, మొహం ఒకరిది. లేచి వెళ్ళి ఆ బిళ్ళ పీకేసింది.

బొంగరం రెండు కళ్ళతో అమ్మమ్మని చూసి పకపకా నవ్వింది. "నీ ముక్కు మీద గుంట ఉంది," అని వేలు పెట్టింది. ఆ వేలు చల్లగా ఉంది. కాజాలమ్మ ఆ రోజు ఒక్క కాజా కూడా కుట్టలేదు.

ఆ తర్వాత అదే వాడుకైంది. పిల్ల రాగానే బిళ్ళ లేదు, ఏడుపు లేదు. సాయంత్రం మెట్ల మీద ఆయాసం వినపడే ముందు గబగబా అంటించి అప్పజెప్పేది. "ఇప్పుడు ఇక్కడా ఏడవట్లేదే," అని కూతురు మురిసిపోయింది. బొంగరం వెళ్తూ వెళ్తూ చెయ్యి కూడా ఊపింది. ఎడమ కన్ను సంగతి కాజాలమ్మ మనసులో మెదలకపోలేదు. అక్కడా బిళ్ళ లేదు, ఇక్కడా లేదు, మరి ఆ కన్నుకి దిక్కెవరు అని లోపల ఎవరో అడిగేవాళ్ళు. తీయడం మొదలుపెట్టింది వియ్యపురాలు, తప్పేదైనా ఉంటే ఆవిడదే అని వాళ్ళ నోరు మూయించేది. ఎదుటివాడి రెండు కళ్ళూ పోతాయంటే తన కన్ను ఒకటి పొడుచుకునే రకం ఉంటారంటారు. కాజాలమ్మ ఇంకో మెట్టు పైన, పొడిచింది మనవరాలి కన్ను.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళే రోజు వచ్చింది. చీకటిగదిలో బొమ్మల వరుసలు చూపించి, డాక్టరమ్మ దీపం వేసింది. మొహంలో నవ్వు లేదు.

"కిందటిసారి పరీక్షకి వచ్చినప్పటికి ఎడమ కంటి చూపు బాగా మెరుగైంది. ఈసారి అక్కడే ఆగిపోయింది. బిళ్ళ సరిగ్గా అంటించడం లేదు మీలో ఎవరో."

కూతురు తల్లివైపు చూడనైనా లేదు. నెలల తరబడి చుక్కచుక్కగా పోసిన అనుమానం ఊరికే పోలేదు మరి. నేరుగా అటు తిరిగింది. "అత్తయ్యా, మీరేమైనా పాప ఏడుస్తోందని..."

కాజాలమ్మ ఎదురుచూసిన ఘడియ ఇదే. వియ్యపురాలి మొహం పాలిపోవడం కళ్ళారా చూసింది. చూస్తే కడుపు చల్లబడుతుందనుకుంది, చల్లబడింది కూడా. కుక్కిన పేనులా కూర్చుంది.

వియ్యపురాలు కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. "నేనెందుకు తీస్తానే అమ్మాయ్," అంది. "నాకు ఈ ఎడమ కంట్లో చూపు లేదు. అద్దాలన్నీ కుడిదానికే. చిన్నప్పుడు ఎవరూ కనిపెట్టలేదు. పెళ్ళయ్యాక చూపించుకుంటే, ఆలస్యం చేశారు, ఇది ఇంతే అన్నారు. మీ మామగారికి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు, సిగ్గేసి. మన పిల్లకీ అదేనని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. బిళ్ళ తీస్తానా నేను?"

"మరి అక్కడ నొప్పి పెట్టదంటుందే," అంది కాజాలమ్మ. అనకుండా ఉండలేకపోయింది.

"ఒళ్ళో కూర్చోబెట్టుకుంటా వదినగారూ. చేట ముందు పెట్టి పప్పులో రాళ్ళు ఏరిస్తా. అవి అయిపోతే నా మొహం దగ్గరికి లాక్కుని తెల్లవెంట్రుకలు వెతుకుతుంది, గెడ్డం పట్టుకు లాగుతుంది. దగ్గరగా ఏదో ఒకటి చూస్తూ ఉంటే బిళ్ళ సంగతే మర్చిపోతుంది."

"చెయ్యాల్సింది అదే," అంది డాక్టరమ్మ. "దగ్గర పని ఇస్తేనే ఆ కన్ను కుదురుతుంది."

వియ్యపురాలు ఏ తప్పు చేస్తోందని కాజాలమ్మ ఇన్నాళ్ళూ రగిలిపోయిందో ఆ తప్పు ఆవిడ చేయనే లేదు. లేని తప్పుని ఊహించి, దానికి పోటీగా నిజం తప్పు చేసింది తను. పిల్లకి నానమ్మ కనపడింది బిళ్ళ లేక కాదు, మొహం దగ్గరున్నందుకు. సూదులకి భయపడి గదికి ఆ చివర కూర్చోబెట్టింది తనే. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, తప్పు వియ్యపురాలి మీదే ఉండిపోతుంది, బొంగరం ఇక పూర్తిగా తనదే. తన దగ్గర, బిళ్ళ లేకుండా, ఎడమ కన్ను లేకుండా.

"తీసింది నేను," అంది. "ఆవిడ కాదు."

కూతురు బస్సులో పక్కసీటు ఖాళీగా ఉన్నా వచ్చి కూర్చోలేదు. దిగేటప్పుడు మాత్రం, "రేపటి నుంచి పాప అత్తయ్య దగ్గరే ఉంటుంది," అని చెప్పింది. ఇంకా టైముంది, మళ్ళీ మొదలుపెట్టండి అని డాక్టరమ్మ అన్నందుకు కాజాలమ్మ ఆ రాత్రి చాలాసేపు ఏడ్చింది. వియ్యపురాలు నాలుగు తిట్టి ఉంటే కొంత తేలికయ్యేది. ఆవిడ తిట్టలేదు. విడిపోయేటప్పుడు "వస్తూ ఉండండి వదినగారూ," అంది. ఆ మంచితనం మీద కూడా కాజాలమ్మకి కుళ్ళే.

చాలా వారాలు వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి అనుకునేది. చివరికి, దగ్గర పని కావాలన్నారు కదా, రాళ్ళ కంటే గుండీలు ఏం తక్కువ అనుకుని, పెద్దవీ చిన్నవీ రంగురంగులవీ ఏరి ఓ సంచిలో పోసుకుని బయలుదేరింది. ఇది సాయమో, పోటీయో ఈసారి ఆవిడకీ తెలియలేదు.

వియ్యపురాలి ఇల్లు మేడ మీద. మెట్లెక్కేసరికి పొడుగాటి వసారా. దాని ఆ చివర కుర్చీలో వియ్యపురాలు, ఆవిడ ఒళ్ళో బొంగరం. కుడి కంటికి బిళ్ళ. ఇద్దరి తలలూ ఒకే చేట మీద వాలి ఉన్నాయి. ఆ తలలు అంత దగ్గరగా చూసేసరికి కాజాలమ్మకి ఎక్కిన మెట్లు, వచ్చిన పని, ఆ రాత్రి ఏడ్చిన ఏడుపు అన్నీ పోయి, గుండెల్లో మళ్ళీ భగ్గుమంది. పలకరించకుండా అక్కడే నిలబడిపోయింది.

అలికిడికి వియ్యపురాలు తలెత్తి, అద్దాల్లోంచి కళ్ళు చికిలించింది. "ఎవరూ?"

బొంగరం కూడా తలెత్తింది. ఎడమ కంటితో వసారా పొడుగునా చూసింది.

"అమ్మమ్మ," అంది. "కోపమొచ్చింది అమ్మమ్మకి. మొహం ఇలా పెట్టింది చూడు నానమ్మా."

అని పెదాలు బిగించి, ముక్కుపుటాలు ఎగరేసి, బుగ్గలు లోపలికి లాక్కుని చూపించింది. అచ్చు గుద్దినట్టుంది. ఆ మొహం అంత వికారంగా ఉంటుందని కాజాలమ్మకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆఖరి మెట్టు మీద కూలబడింది.

"బాగానే కనపడుతోందే నీకు," అంది.