గడప కడిగిన ఆదివారం

నాకు కోపం ముందొస్తుంది, తెలివి వెనకాల ఎప్పుడో నడుచుకుంటూ వస్తుంది. పెళ్లిచూపుల్లోనే మా అమ్మ ఈ సంగతి బయటపెట్టి ఉంటే నిజామాబాద్ నాకు దక్కేదే కాదు.

నేను కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని. మావారి తాతగారు ఎప్పుడో కాలువ నీళ్ల కబురు విని, ఉన్నదమ్ముకుని, బోధన్ దగ్గర ఎడపల్లి వైపు వచ్చి చెరకు వేసుకున్నారట. అలా వచ్చినవాళ్లు గుడిసెలు వేసుకున్న చోటును ఇప్పటికీ క్యాంపు అనే అంటారు. మావారు అక్కడే పుట్టారు. మా పెళ్లయ్యాక నిజామాబాద్‌లో మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టుకుని, ఒక గల్లీలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు.

పాప పుట్టిన కొన్నాళ్లకే తెలంగాణ వచ్చింది. గల్లీ అంతా పటాకులు, డప్పులు, గులాలు. నేను తలుపేసుకుని కూర్చున్నాను. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు, నిజం చెప్పాలి. ఎదురింటి అవ్వ తలుపు కొట్టి మరీ లడ్డు చేతిలో పెట్టి పోయింది. అయినా నా భయం నాది. మా అమ్మ రోజూ ఫోనులో "వచ్చేయండే, అక్కడెందుకు" అని పోరు పెట్టేది. చివరికి మావారితో ఒక ఒప్పందానికి వచ్చాను. పాపకు ఏడాది నిండేదాకా చూద్దాం, ఇక్కడ మనల్ని పరాయివాళ్లుగా చూస్తున్నారనిపిస్తే దుకాణం ఎత్తేసి మా ఊరు వెళ్లిపోదాం. ఇక అప్పట్నుంచి ఎవరు నవ్వినా, ఎవరు నవ్వకపోయినా లెక్కే.

ఆ ఎదురింటి అవ్వకు అరవై దాటాయి. పొద్దస్తమానం ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుట్టేది. చేతులెంత పని చేసేవో నోరూ అంతే పని చేసేది. మొదట్లో నేను మామ్మగారూ అని పిలిస్తే, "గారెందుకే, నేనేమన్న తాసిల్దారునా?" అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అవ్వా అనడం ఆ రోజే నేర్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆవిడ కొడుకు నందిపేట్ దగ్గర వేసిన పసుపు పంట మీదికి మాట పోయింది. క్యాంపులో మా అత్తవారి వైపు పెద్దలు తీరిగ్గా కూర్చుంటే చెప్పుకునే గొప్ప ఒకటుంది. అది నా నోట్లోంచి జారింది. "మావాళ్లు వచ్చేదాకా ఇక్కడ సేద్యమే సరిగా తెలీదట కదా అవ్వా!"

బీడీ చుట్టే చేతులు ఆగిపోయాయి.

"కాలువ మీ తాత నెత్తిన మోసుకొచ్చిండా? గిన్ని చెరువులు ఎవలు తవ్విండ్రు? తొలి యేడు పంట చేతికొచ్చేదాక మీ తాతకు రొట్టె ఎవలు వెట్టిండ్రో అడుగు పో!"

నేను విసురుగా వచ్చి తలుపు దభీమని వేశాను. మావారు రాగానే అడిగితే ఆయన నేల చూపులు చూశారు. "జొన్నరొట్టెలు ఊరివాళ్లే పంపేవారట. మా నాయనమ్మ చెప్పేది" అన్నారు. అప్పుడే వెళ్లి తప్పయిందని చెప్పాల్సింది. చెప్పలేదు. ఎదురెదురు గుమ్మాల్లో మేమిద్దరం వారాల తరబడి ముఖాలు తిప్పుకుని తిరిగాం.

ఆషాఢంలో ఒక ఆదివారం ఊర పండుగ వచ్చింది. చెక్కతో చేసిన అమ్మవార్లను నెత్తిన పెట్టుకుని ఊరంతా ఊరేగిస్తారని విన్నాను కానీ, పాప పడుకుందని నేను బయటికి రాలేదు. డప్పుల మోత మా గల్లీలోకి వచ్చి, గోడలదరగొట్టి, వెళ్లిపోయింది. తలుపు తీసి చూద్దును కదా, పొద్దున్నే కడిగి ముగ్గేసిన నా గడప మీద పసుపు కలిపిన అన్నం, దాని మీద నెత్తురు మరకలు!

నా ఒళ్లు భగ్గుమంది. ఆంధ్రావాళ్లమని ఎవరో కావాలని చేసిన పనే అనుకున్నాను. బకెట్టు నీళ్లు తెచ్చాను, ఫినాయిలు పోశాను, పరపరా రుద్ది కడిగాను. కడుగుతూ ఊరుకున్నానా? "ధైర్యముంటే ముఖం మీద చెప్పండి! గుమ్మాల మీద చల్లడమేంటి?" అని గల్లీ దద్దరిల్లేలా అరిచాను.

అరిచాక తలెత్తి చూశాను. అందరి గడపల మీదా అదే అన్నం ఉంది. ఆడవాళ్లంతా వంగి ఒక్కొక్క మెతుకూ కొంగులోకి ఏరుకుంటున్నారు. ఏరుకునేవాళ్లు ఏరుకుంటున్నట్టే ఆగి నన్ను చూస్తున్నారు. అవ్వ కూడా చూసింది. తిట్టినా బాగుండేది.

మావారొచ్చి నెత్తి కొట్టుకున్నారు. "దాన్ని సరి అంటారు. ఊరికి ఏ రోగమూ రాకూడదని బలి ఇచ్చాక చల్లుతారు. కొంచెం దొరికితే చాలని జనం ఎగబడతారు. నీకు చెప్పడం మరిచాను."

ఆ సాయంత్రానికే పాప ఒళ్లు కాలిపోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మందు వేశాం. తెల్లారినా తగ్గలేదు. నేను ఇలాంటివి నమ్మేదాన్ని కాదు. కానీ ఒళ్లో పిల్ల మూలుగుతుంటే తర్కం ఎంతసేపు నిలబడుతుంది? ఊరంతటికీ కట్టిన కాపు నా చేత్తో నేనే మురికి మోరీలో పోశాననిపించింది. ఇంత సరి అడగాలంటే అవ్వనే అడగాలి. ఆవిడ కాదంటే సామాను సర్దుకోవడమే. మనసులో తేల్చుకుని, పాపను భుజాన వేసుకుని గల్లీ దాటాను. పదడుగుల గల్లీ అది.

"ఏం పిల్లా, గట్ల నిలవడ్డవ్? లోపలికి రా" అంది అవ్వ, చాట పక్కన పెడుతూ.

పాప నుదురు తాకి చూసింది. కొంగు ముడి విప్పింది. కొడుకు పసుపు చేనులో చల్లాలని దాచిన సరి అందులో ఉంది. ఆ మధ్యాహ్నమే అతను వచ్చి తీసుకెళ్తాడని పొద్దున గల్లీలో అంటుంటే విన్నాను.

"చేను కోసం దాచారు కదా అవ్వా" అన్నాను.

"చేను ఆగుతది. పోరి ఆగుతదా?"

ఇంత తీసి పాప తల చుట్టూ తిప్పింది. "గడప కడిగేశాను అవ్వా, తెలీక" అన్నాను.

"సూసిన. నీ ఒర్రుడు గూడ ఇన్న. నువ్వు కడుగుతే పోతదా? గది నీ ఒక్క గడపకు సల్లిండ్రా? ఊరికి సల్లిండ్రు. నువ్వు ఊర్ల లేవా?"

అప్పుడు ఏడ్చాను. ఏడుస్తూనే రొట్టెల సంగతి కూడా చెప్పేశాను, తొలి యేడు మీవాళ్లే పెట్టారట, తప్పయిందని.

"పెట్టినోళ్లు మర్సిపోవాలె. తిన్నోళ్లు యాది వెట్టుకోవాలె. నువ్వు ఉల్టా జేసినవ్, గంతే" అని చాయ్ పెట్టడానికి లేచింది.

రెండు రోజులకు జ్వరం తగ్గింది. మందు పని మందు చేసింది, నేను కాదనను. కానీ నన్ను ఇక్కడ నిలబెట్టింది మాత్రం మందు కాదు. పాపకు ఏడాది నిండిన రోజు మావారు భయం భయంగా ఒప్పందం గుర్తుచేస్తే, "ఏ ఒప్పందం?" అన్నాను. ఆయన రెండోసారి అడగలేదు, తెలివైనవారు.

ఇప్పుడు నా కూతురు ఏటా జూన్ రెండు నాటి రాష్ట్ర పండుగకు ముందునుంచే ఆట నేర్చుకుంటుంది. చీర కట్టేది నేనే. కృష్ణ నీళ్ల మీద ఈరోజుకీ మాట పడనివ్వను, ఇక్కడి గోదావరి మీద అసలే పడనివ్వను. క్యాంపులో ఎవరైనా ఆ పాత గొప్ప ఎత్తుకుంటే మధ్యలోనే అందుకుని రొట్టెల కథ చెబుతాను. మా అత్తగారికి నచ్చదు. ఈ ఊరు నాకు పెట్టినదానికి నేను తిరిగి చేయగలిగింది అదొక్కటే.

నిరుడు ఊర పండుగకు అవ్వ మోకాళ్లు కదలనివ్వలేదు. ఇద్దరి వంతూ నాదే అనుకుని, కొంగు పరిచి, మోచేతులతో పొడుచుకుంటూ గుంపులోకి దూరాను. ముందున్న ముసలాయనకు గట్టిగానే తగిలినట్టుంది. వెనక్కి తిరిగి కసురుకున్నాడు.

"ఏ ఊరిదానివమ్మా? గింత తోసుడా?"

"గీ ఊరిదాన్నే!" అని అరిచాను.

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "మరైతే ఎనకెందుకున్నవ్, ముందటికి రా" అని పక్కకు జరిగాడు.