బాబాయి సగంలో వదిలేసిన బ్రేకులు

మా బాబాయి పోయాడు. ఆదివారం పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయి లేవట్లేదే" అంది. డాక్టరు గుండెపోటు అన్నాడు. నేను మొండితనం అంటాను. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నాకింకా కోపం తగ్గలేదు కాబట్టి ఉన్నదున్నట్టే రాస్తాను.

బాబాయి ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాడు. భవానీపురంలో ఇల్లు, ఇంటిముందు పాత అంబాసిడర్. ఇంట్లో మగవాళ్లెవరూ నాకు కారు తాళాలు ఇవ్వని రోజుల్లో పిలిచి మరీ డ్రైవింగ్ నేర్పింది ఆయనే. అందుకు బతికినంతకాలం రుణపడి ఉంటాను. ఆ కారుకి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. వానాకాలం ముందు వాటి పని తనే చూసుకునేవాడు, ఏ మెకానిక్కునీ నమ్మేవాడు కాదు. చక్రాన్ని జాకీ మీద లేపి, లోపలి బ్రేకు షూ, చక్రంతో తిరిగే డ్రమ్ముని పట్టేసేదాకా బిగించి, మళ్లీ ఎక్కడా రాసుకోకుండా తిరిగేదాకా కొంచెం వదులు చేసేవాడు. తిప్పి, చెవి పెట్టి వినేవాడు. "కదలని కారు మనింట్లోనే ఉంటుందమ్మాయ్. ఆగని కారు ఎవరింట్లో తేలుతుందో చెప్పలేం" అనేవాడు.

ఆ తర్వాత బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయాలి, లేకపోతే బ్రేకు పట్టదు. అది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఆయన చక్రం పక్కన పడుకుని స్పానర్ పట్టుకుంటే, నేను డ్రైవరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కేదాన్ని. తొక్కు అంటే తొక్కాలి, పట్టుకో అంటే నొక్కిపట్టాలి. ఆయన నట్టు వదులు చేస్తే ఆయిల్‌తోపాటు బుడగలు సీసాలోకి వచ్చేవి. నట్టు బిగించి 'వదులు' అన్నాకే కాలు తీయాలి. ముందే తీస్తే గాలి మళ్లీ లోపలికి పోతుంది. ఒక్క బుడగ కనబడినా పని మళ్లీ మొదటికొచ్చేది. అన్నం చల్లారిపోతోందని పిన్ని లోపల్నుంచి అరుస్తూనే ఉండేది.

బుడగని సహించని ఈ పెద్దమనిషి, ఆ శనివారం ఛాతీ పట్టేసినట్టుంటే ఏమన్నాడో తెలుసా? గ్యాస్ అన్నాడు. నిమ్మకాయ సోడా తాగాడు. గవర్నర్‌పేటలో గుండె డాక్టరుకి చూపిద్దామని పిన్ని బతిమాలింది. వీధి చివర ఆటోలున్నాయి. సొంత కారుండగా ఆటో ఎందుకట! సరే, కారే తీయమంటే బ్రేకుల్లో గాలి తీయడం అవలేదట. నువ్వొచ్చి కాసేపు పెడల్ తొక్కు, అవగానే వెళ్దామన్నాడట. పిన్నికి ఒళ్లు మండింది.

"ముందు ఆస్పత్రికి పదండి. ఆ తర్వాతే తొక్కుతాను" అని లోపలికెళ్లి తలుపేసుకుంది. ఇద్దరూ పంతానికి పోయారు. తెల్లారేసరికి ఆయన లేడు.

పరామర్శకొచ్చినవాళ్లు, అదృష్టవంతుడు, ఎవరిచేతా చేయించుకోకుండా పోయాడన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం అదృష్టమండీ అది? 'నేను తొక్కి ఉంటే బతికేవారు' అని పిన్ని ఆ మూల కూర్చుని గొణుక్కుంటుంటే మీకు వినబడలేదా? నిన్నేమనాలి బాబాయ్? చక్రం చప్పుడు అంత శ్రద్ధగా వినేవాడివి, ఆవిడ మాట ఎందుకు వినలేదు? పోతూ పోతూ ఈ బరువు ఆవిడ నెత్తిన పెట్టి పోతావా?

దినవారాలయ్యాక ఒకరోజు పొద్దున్నే పిన్ని కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆ పని పూర్తిచెయ్యవే. నేను తొక్కుతా" అంది.

ఎడమవైపు వెనక చక్రం దగ్గర, ఆయన పడుకునే చోటే పాత దుప్పటి పరుచుకుని పడుకున్నాను. పిన్ని డ్రైవరు సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. తొక్కమన్నాను, తొక్కింది. పట్టుకోమన్నాను, పట్టుకుంది. నట్టు వదులు చేస్తే సీసాలో బుడగలే బుడగలు. బిగించి, "వదులు పిన్నీ" అన్నాను.

పెడల్ పైకి లేచిన చప్పుడు వినబడలేదు. లేచి చూశాను. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, పెడల్ కిందికంటా తొక్కిపట్టి, గేటు వైపు చూస్తోంది. మళ్లీ చెప్పాను.

పిన్ని వదల్లేదు.