పద్దెనిమిది ఖాళీ ఫారాలు

ఆ ఆదివారం పొద్దున కళ్యాణదుర్గం కాలేజీ గ్రౌండులో ఉన్నవి: ఆటగాళ్ళు పద్దెనిమిది మంది, బంతులు రెండు, గాలి పంపు, అర సంచి సున్నం, పాస్‌పోర్టు ఫోటోల కవరు, క్లబ్బు సీలు, రిజిస్ట్రేషన్ ఫారాలు, మా అధ్యక్షుడి జీపు. నేను కార్యదర్శిని. సివిల్ డిప్లొమా చేసి ఖాళీగా ఉన్నాను, చేతిరాత బాగుంటుంది. అర్హతలు అవే.

జాతీయ ఫుట్‌బాల్ లీగు రెండో డివిజన్‌కు క్లబ్బు తనంతట తాను పోవడానికి లేదు. జిల్లా సంఘం రాష్ట్రానికి రాయాలి, హైదరాబాదులోని రాష్ట్ర సంఘం ఢిల్లీకి రాయాలి. ఢిల్లీలో వాళ్ళకు మా ఆట కనబడదు. క్లబ్బు పేరు, సీలు, కార్యదర్శి సంతకం కనబడతాయి. ఆ ఏడాది రాష్ట్ర పోటీలో గెలిచిన జట్టు పోలేమని చెప్పింది. రెండో స్థానం మాది.

నేను పేర్లు రాయబోతుంటే అధ్యక్షుడు ఆపాడు.

"ఇప్పుడే రాయొద్దప్పా. పేర్లు రాసే పద్ధతి మారుస్తారంట. నువ్వు సంతకం పెట్టి సీలు కొట్టియ్యి. పేర్లు హైదరాబాదులో నేను రాయిస్తా."

డ్రాయింగులో కొలత వేయని గీత ఒక్కటీ వదలని వాణ్ని, పద్దెనిమిది ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టాను.

మా గోల్‌కీపర్ నవ్వాడు. "ఏమప్పా ఇంజినీరూ, మా అత్తకూ ఒకటియ్యి. రైట్ బ్యాక్ ఆడతాది." శెనక్కాయల మిల్లులో నెల సెలవు ఇవ్వలేదని అతను అప్పటికే పని మానేసి వచ్చాడు.

మూడు వారాల తర్వాత అనంతపురం పోయి, జిల్లా సంఘంలో జాబితా నకలు చూశాను. క్లబ్బు మాది. సంతకం నాది. పేర్లన్నీ హైదరాబాదు ఆటగాళ్ళవి. రెండుసార్లు చదివాను.

అధ్యక్షుడి ఇంటికి పోయి అడిగాను.

"సంతకం నీదే కదప్పా, నన్నెందుకు అడుగుతాండావు? క్లబ్బు పేరు దేశమంతా వినపడతాది. సంతోషపడు."

"మరి మేము?"

"వచ్చే ఏడు చూస్తాం లే."

సాయంత్రం గ్రౌండులో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గోల్‌కీపర్ గ్లౌజులు విప్పి, ఒకదాంట్లో ఒకటి దూర్చాడు.

"నీకు ముందే తెలుసునా?"

"తెలీదన్నా."

"సంతకం చేసినోడివి నువ్వే కదప్పా," అన్నాడు.

ఒక క్లబ్బుకు ఒక సీజనులో ఒకటే జాబితా. అది నిండిపోయింది కాబట్టి జిల్లా లీగులో కూడా మా క్లబ్బు తరఫున మేము ఆడడానికి లేదు. ఆ సీజనులో మేము ఆడిన లీగు మ్యాచులు సున్న.