ఇంజనుకు బొట్టు పెట్టిన దసరా

ఆ రోజుల్లో వికారాబాద్‌లో ఒంటరి మగాడికి తోడు కావాలంటే రెండే దారులు: పెళ్లి, లేదా పాత కారు. మొదటిదానికి నన్నెవరూ అడగలేదు. రెండోది మా నాయన పోయాక అడక్కుండానే మిగిలింది. (నేను చెప్పేవాటిలో సగం నమ్మండి చాలు. మిగతా సగం నేనూ నమ్మను.) పెరట్లో రేకుల షెడ్డు కింద, చక్రాల్లో గాలి లేక, మోకాళ్ల మీద కూలబడ్డ ఒంటెలా ఉండేది ఆ అంబాసిడర్. మా అన్న తాండూరులో బండల పాలిషింగ్ మిషన్లు పెట్టుకుని అమ్మనూ వదిననూ పిల్లలనూ తీసుకుపోయాడు. నేను ఎరువుల దుకాణంలో గుమాస్తా పని వదల్లేక ఇక్కడే ఉండిపోయాను. అంత ఇంట్లో ఒక్కణ్ణే. నేను దగ్గితే మిగతా గదులన్నీ బదులు దగ్గేవి.

అన్న అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. "తిన్నవా?" అనేది మొదటి మాట, "ఆ డబ్బా ఇంక అట్లనే ఉన్నదా?" అనేది చివరిది. ఒకరోజు తేల్చి చెప్పేశాడు.

"దసరా తెల్లారి పాత సామాన్ల సేటు లారీ పంపిస్తడు. తుక్కు కింద తూకమేసి ఇచ్చెయ్."

"వద్దన్నా, నేను నడిపిస్త."

"దాన్నా? పొద్దుగాల మంచం మీదికెల్లి నిన్ను నువ్వే లేపుకోలేవు, దాన్నేం లేపుతవ్ రా!"

"దసరా నాడు తాండూరుకు నడుపుకుంట రాకపోతే అడుగు."

"వస్తే ఈడ దానికి షెడ్డేస్త. రాకపోతే లారీయే."

అప్పటికి నాకు ఇంజను గురించి తెలిసింది ఒక్కటే, అది ముందర ఉంటుందని. కానీ అది కూడా పోతే ఆ ఇంటికి నేను రోజూ ఎందుకు తిరిగి రావాలో నాకు అర్థం కాలేదు. దుకాణం మూసి వచ్చాక రోజుకింత విప్పడం మొదలుపెట్టాను. పిస్టన్లకు వంటింట్లో చోటిచ్చాను. వాల్వులు నాయన మంచం కింద పడుకున్నాయి. అన్నం గిన్నెలో కిరసనాయిలు పోసి బేరింగులు కడిగాను. ఆ వాసనకు ముందు ఎలుకలు ఇల్లు ఖాళీ చేశాయి, తర్వాత బల్లులు, ఆఖరికి పాలవాడు గేటు అవతలి నుంచే ప్యాకెట్ విసరడం మొదలుపెట్టాడు. పిస్టన్ల రింగులు అరిగిపోయాయి, సిలిండరు లోపల వేలు పెడితే గీతలు తగిలాయి. కొత్త రింగులు కొని, ఇంజను బ్లాకును బస్సులో వేసుకుని తాండూరు లేత్ షాపుకు తీసుకుపోయి గీతలు పోయేలా బోరు కొట్టించాను. (కండక్టర్ దానికి కూడా టికెట్ కొట్టాడు గానీ కిటికీ పక్క సీటు ఇవ్వలేదు.) అన్న ఇల్లు అక్కడికి దగ్గరే. కారు లేకుండా వెళ్తే పంతం పోతుందని బస్టాండులోనే మిర్చిబజ్జీలు తిని తిరిగొచ్చేశాను.

ఇక ఒక్కో నట్టు బిగిస్తూ ఆ రోజు దుకాణంలో జరిగినవన్నీ ఇంజనుకు చెప్పేవాణ్ణి. మధ్యలో అడ్డు తగలకుండా వినే మనిషి నాకు అంతకు ముందు దొరకలేదు, ఆ తర్వాతా దొరకలేదు.

దసరా పొద్దున మా వాడంతా బండ్లు కడుగుతున్నారు. పూలదండలు, నిమ్మకాయలు, కొత్త బట్టలతో స్కూటర్లెక్కి కూర్చున్న పిల్లలు. మా ఇంట్లో నేనూ, నా కారూ. పండుగ పూట చిన్నబుచ్చడం ఎందుకని పసుపు కుంకుమలు తడుపుకుని వచ్చాను. అందరూ బండికి పైపైన బొట్టు పెడతారు, పని చేసేది లోపలి సామాను కదా అనే న్యాయం నాకు తోచింది. మూత బిగించని ప్రతిదానికీ పెట్టాను. కరెంటును నాలుగు ప్లగ్గులకు పంచే చిన్న డబ్బా ఉంటుంది, దాని మూత తీసి లోపల కూడా నిండుగా పెట్టాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అన్నీ బిగించి, కారు ముందువైపు స్టార్టింగ్ హ్యాండిల్ దూర్చి తిప్పాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చేతులు పడిపోయేదాకా తిప్పాను. నిమ్మకాయలు నన్ను చూస్తూ ఉండిపోయాయి.

మధ్యాహ్నం రైలుకు అన్న దిగాడు, చేతిలో వదిన పంపిన బూరెల డబ్బాతో.

"ఏమాయె? స్టార్ట్ అయితలేదా?"

"అలిగింది."

అన్న చొక్కా చేతులు మడిచి, ఒక వైరు పీకి చూసి, "కరెంటు వస్తలేదు రా" అంటూ ఆ డబ్బా మూత తీశాడు. చాలాసేపు లోపలికి చూశాడు.

"గిదేంది రా?"

"బొట్టు."

"పాయింట్లకా?"

"అన్నిటికీ పెట్టిన. దానికొక్కదానికి పెట్టకపోతే బాగుంటదా?"

"అరేయ్, నిప్పురవ్వ పుట్టే జాగల పసుపు పూసినవ్ గదరా! ముత్తయిదువ అనుకున్నవా దాన్ని!"

అలా అని బంపరు పట్టుకుని కింద కూలబడి నవ్వాడు. నాయన పోయాక అన్న నవ్వగా నేను చూడటం అదే మొదలు. కొత్త రుమాలును పెట్రోలులో ముంచి పాయింట్లు తుడిచి, లోపల కూర్చుని ఎక్సలేటర్ తొక్కి, "తిప్పు!" అన్నాడు. తిప్పాను. అంతే! ఆ పొగకు అనంతగిరి కొండ కనబడలేదని, స్టేషన్లో రైలు ఆగిపోయిందని నేను చెబుతుంటాను. (కొండ కనబడింది. రైలు ఆగలేదు.) ఆ చప్పుడులోనే అన్న ఫోన్ తీసి అరిచాడు: "సేటూ, లారీ వద్దు! మా ఇంటి మనిషే లేచి కూసున్నది!"

తాండూరు దారిలో నేను నడిపాను, అన్న పక్కన కూర్చున్నాడు. బస్సులు దాటిపోయాయి, ట్రాక్టర్లు దాటిపోయాయి, చివరికి మేకల మంద కూడా దాటిపోయింది.

"గిట్ల పోతే దీపావళికి చేరుకుంటం రా."

"కొత్త రింగులన్నా, అలవాటు పడేదాకా గుంజొద్దు."

అది నిజమే, అన్నకూ తెలుసు. కాసేపటికి బూరెల డబ్బా తెరిచాడు. నాకొకటి ఇచ్చి తను తింటూ, "ఆడ మిషన్ల సప్పుడుల ఎవని మాట ఎవనికి వినబడది రా. ఇంటికొచ్చేసరికి పిల్లలు పండుకుంటరు. నాతోని మాట్లాడేటోడు లేక యాడాదైంది" అన్నాడు. తర్వాత ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను ఇంకా మెల్లగా నడిపాను.

ఇప్పుడు నాకు తల నెరిసింది. ఆ రింగులు కుదురుకుని ఎన్నో ఏళ్లయింది, కారు కూడా మారింది. కానీ పక్క సీట్లో మనిషంటూ ఉంటే నా కాలు ఈనాటికీ గట్టిగా తొక్కదు. ఎందుకింత మెల్లగా అని విసుక్కుంటే, కొత్త ఇంజనండీ అంటాను.