పటేల్‌కు బదులుగా సిరిసిల్లకు

ఆదివారం ఉదయం ఆరూ నలభైకి జగిత్యాల బస్టాండులో కోరుట్ల వెళ్లే పల్లెవెలుగు ఎక్కాను. సంచిలో నీళ్ల సీసా, లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఒక పుస్తకం, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఉన్నాయి. చొక్కా నాదే గాని ఆ రోజు మాత్రం అది పటేల్‌ది. ఆయనకు బదులుగా సిరిసిల్ల వెళ్లి కూర్చోవడం నా పని.

పటేల్ ఎవరో ముందు చెప్పాలి. ఫోనులో ఒక ఆట ఉంది. అందులో ఎవరికి నచ్చిన బొమ్మ వాళ్లు పెట్టుకుని, నచ్చిన పేరుతో తిరగవచ్చు. మా ప్రాంతం వాళ్లం ఇరవై మంది దాకా కలిసి అందులో ఒక ఊరు కట్టుకున్నాం. ఇళ్లు కడతాం, మడి దున్నుతాం, సంతకు పోతాం, పోట్లాడుకుంటాం. గొంతుతో మాట్లాడే వీలున్నా మా గుంపు రాసుకోవడమే అలవాటు చేసుకుంది. సగం మంది సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాళ్లు. ఆ మోతలో మాట వినపడదు. ఆ ఊళ్లో నా పేరు 'లైబ్రరీ'. బయట నేను మోటార్లకు వైండింగ్ చేస్తాను. మా నాన్న తాళ్లెక్కి కల్లు గీసేవాడు. పదో తరగతి దగ్గర ఆగిన నా చదువు ఆ తర్వాతంతా జగిత్యాల లైబ్రరీ బల్లల మీదే సాగింది. ఈ సంగతి నేను ఎక్కడా దాచుకోను.

ఊళ్లో తగువు వస్తే తీర్చేది పటేల్, పాత రోజుల ఊరి పెద్దలాగా. తలకు పెద్ద రుమాలు, గుబురు మీసం, చేతిలో కర్ర ఉన్న బొమ్మ. ఏం అడిగినా పావుగంట దాకా జవాబు రాదు. 'పటేల్ ఆలోచిస్తుండు' అని అందరూ ఆగుతారు. ఆ లోపల కోపాలు సగం దిగిపోతాయి.

నెల కింద ఒక పెద్ద తగువు వచ్చింది. ఊళ్లో పూలమ్మే 'సిరి' అనే పిల్ల ఒక రోజు పొరపాటున తన గొంతు పంపింది. అది యాభై ఏళ్ల మగమనిషి గొంతు. సిరిని చెల్లె అనుకుని ఇంటి సంగతులన్నీ చెప్పుకున్న సిరిసిల్ల శంకర్, ఆ మనిషిని వెళ్లగొట్టాలని పట్టుబట్టాడు. ముఖాలు చూసుకునే తేల్చుకుందామని, పటేల్ వచ్చి తీరాలని అందరూ అన్నారు.

పటేల్ ఎవరో నాకొక్కడికే తెలుసు. కోరుట్లలో బీడీలు చేసే భాగ్య. ఏడాది కింద ఒక తీర్పులో ఒక మాట సరిగ్గా రాసిందో లేదో కనుక్కోవడానికి నాకు ఫోన్ చేసి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు తనకు బదులు వెళ్లమన్నదీ ఆమే.

మేడిపల్లి దగ్గర ఒక ముసలమ్మ బస్సెక్కి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు కోసం ఆధార్ కార్డు తీసింది. కండక్టరమ్మ కార్డును, ముఖాన్ని మార్చి మార్చి చూసింది.

"గీ ఫొటోల ఉన్నది నువ్వేనా అవ్వా?"

"నేనే బిడ్డా. గప్పుడు నోట్ల పండ్లుండె."

బస్సు సగం నవ్వింది. కండక్టరమ్మ టికెట్టు చింపి ఇచ్చింది. ఎవరు ఎవరో తేల్చడం అక్కడ అంత తేలికగా అయిపోయింది.

ఏడూ ముప్పై ఐదుకు కోరుట్ల. బస్టాండు ముందు రెండు పూరీలు తిని, చాయ్ తాగి, భాగ్య వాళ్ల గల్లీకి నడిచాను. రేకుల పందిరి కింద ఒళ్లో చేట పెట్టుకుని ఆమె అప్పటికే పనిలో ఉంది. తునికాకు తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టుకుంది. వయసు నలభై లోపే. ఎదురుగా అత్త తంబాకు జల్లిస్తోంది.

"గీయనేనా కొత్త పటేల్?" అంది అత్త. "ఇంట్ల నా మాట ఒక్కటి వినది. ఊరుకు మాత్రం తీర్పు చెప్తది."

మీసాల బొమ్మ ఎందుకు పెట్టుకున్నావని భాగ్యను అడిగాను. ఎప్పటినుంచో అడగాలనుకున్నదే.

"ముందు ఆడబొమ్మనే పెట్టుకున్న అన్నా. వచ్చినోడల్లా తిన్నవా, పన్నవా అని అడుగుడే. మీసం పెట్టినంక ఎవ్వడు అడుగలె. ఏం చెప్పినా విన్నరు."

"నువ్వే వస్తే? బస్సు కూడా ఉచితమే."

"బస్సు ఫ్రీయే. నేను పోతే పటేల్ ఉండడు గద."

మాట్లాడుతూనే ఆమె ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొసలు మడిచి, దారం కడుతోంది. పావుగంట దాకా ఫోను మోగుతూ ఉన్నా చూడలేదు. ఇరవై ఐదు బీడీల కట్ట పూర్తయ్యాకే చేతులు తుడుచుకుని ఫోను తీసింది. పావుగంట ఆలోచన అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

"అవు, గంతే," అంది నవ్వకుండా. "చేతులు ఖాళీ ఉండయి. గా సేపట్ల మతికి ఏదన్న వస్తే వస్తది. అన్నా, ఒక్కటే చెప్తున్న. ఎవరేమడిగినా ఒక కట్ట కట్టినంత సేపు ఆగు. నీకు సదువు ఎక్కువున్నది, అందుకే చెప్తున్న."

తొమ్మిదింటికి కోరుట్లలో వేములవాడ బస్సు దొరికింది. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వెళ్తుంది. ఈ దారిన వచ్చేవాళ్లకు ఒక సూచన: వేములవాడ గుడిలో సోమవారం దర్శనానికి జనం ఆదివారమే బయలుదేరుతారు కాబట్టి కోరుట్లలోనే సీటు పట్టుకోవాలి. నేను రుద్రంగి దాకా నిలబడ్డాను. పుస్తకం తెరిచాను గాని చదవలేదు. తీర్పు ఎలా చెప్పాలో మనసులో రాసుకుంటూ పోయాను. పదీ నలభైకి వేములవాడ, అక్కడ చొక్కా మార్చుకుని మరో బస్సులో పదకొండున్నరకు సిరిసిల్ల చేరాను.

శంకర్ బస్టాండుకే వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. చెవులకు మోత అలవాటైన మనిషి కాబట్టి కొంచెం గట్టిగా మాట్లాడతాడు. "పటేలా" అని రెండు చేతులా నమస్కారం పెట్టాడు. మా నాన్న ఊళ్లో ఒక పటేల్ ముందు అలా నిలబడడం నేను చూశాను. తిరిగి దండం పెట్టడానికి నాకు కొంచెం ఆలస్యమైంది.

నాలుగు సాంచాలున్న షెడ్డులోనే చాపలు పరిచాడు. ఆ పూట సాంచాలను బందు పెట్టాడు. మొత్తం ఏడుగురం. ముస్తాబాద్ నుంచి ఆటోలో వచ్చిన రాఘవరావు గారు ఒక్కరే కుర్చీలో కూర్చోలేక, కింద కూర్చోలేక నిలబడి ఉన్నారు. పాత దొరల ఇంటి మనిషి, ఇప్పుడు వ్యవసాయం. సిరి ఆయనే.

ముందు భోజనం: బగారా అన్నం, కోడికూర. రాయికల్ నుంచి వచ్చిన బక్కపలుచని మనిషి నన్ను అడిగాడు, "లైబ్రరీ రాలేదా పటేలా?"

"రాలేదు."

"మంచిదే అయింది. గాయనస్తే మనం బువ్వ తినేది పొద్దుగూకినంకనే."

అందరూ నవ్వారు. పటేల్‌ను కనుక నేనూ నవ్వాను.

ఒకటిన్నరకు అసలు సంగతి మొదలైంది. శంకర్ నిలబడి చెప్పాడు. "నా పెండ్లాం అలిగి తల్లిగారింటికి పోయిందని మా తమ్మునికి గూడ చెప్పలె. సిరికి చెప్పిన, చెల్లె అనుకొని. తర్వాత నిన్నడిగిన, పోయి తెచ్చుకో అన్నవు పటేలా, పోయి తెచ్చుకున్న, అది వేరు. కని గీయన గదంత మీసం దువ్వుకుంట చదివిండు."

"నాకు మీసం లేదు శంకర్," అన్నారు రాఘవరావు గారు.

ఎవరో నవ్వబోయి ఆగారు. ఆయన కొనసాగించారు. "మా ఊర్ల నేను కనవడితే కూసున్నోళ్లు లేస్తరు. మా తాత పెత్తనం నాకు అంటుకున్నది. నాతోని ఎవ్వరు పరాష్కం ఆడరు. గా ఆటల మీరంత సిరిని ఏడిపించిండ్రు, నీ పూలు వాడిపోయినయ్ అన్నరు. నాకు మంచిగనిపించింది. నీ మాటలు ఎవ్వరికి చెప్పలె. గంతే."

"చెప్పు పటేలా," అన్నాడు శంకర్. "వేషం వేసినోడు ఊర్ల ఉండాల్నా, పోవాల్నా?"

నేను వెంటనే మొదలుపెట్టాను. పేరు మనిషికి ఇతరులు పెట్టేదేనని, కాబట్టి పెట్టుకున్న పేరు అబద్ధం కాదని, స్వేచ్ఛ అంటే ఎన్ని రకాలో, చరిత్రలో మారుపేర్ల సంగతీ చెప్పాను. మంచిగానే చెప్పాను. ఆపేసరికి నా ముందు చాయ్ చల్లారి ఉంది.

"అడిగిన ఎంబటే చెప్పిండు," అన్నాడు శంకర్ మెల్లగా. "మా పటేల్ గట్ల చెప్పడు."

రాయికలాయన నా ముఖంలోకి వంగి చూశాడు. "గిన్ని ముచ్చట్లు మన ఊర్ల ఒక్కడే రాస్తడు. గీయనే లైబ్రరీ."

ఒప్పుకున్నాను. పటేల్ రాలేరని, ఎవరో చెప్పనని ఒట్టు వేశానని అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"సిరి అబద్ధం. పటేల్ అబద్ధం," అన్నాడు శంకర్. "ఇగ గా ఊర్ల నిజమేమున్నది? మూసేద్దాం."

పక్కకు వెళ్లి భాగ్యకు రాశాను: దొరికిపోయాను, ఊరు మూసేస్తామంటున్నారు. జవాబు లేదు. ఐదు నిమిషాలు, పది. వాళ్లు ఎవరి కోసం ఆగుతున్నారో వాళ్లకు తెలియదు, కాని ఒక్కరూ లేవలేదు. పావుగంటకు అందరి ఫోన్లు ఒకేసారి మోగాయి. పటేల్ బొమ్మ పక్కన రాత:

'నా పేరు భాగ్య. కోరుట్లల బీడీలు చేస్త. సిరి కంటె ముందుగాల నా సంగతి తేల్చుండ్రి. పొమ్మంటె పోత. మీ ఇండ్ల ముచ్చట్లు నాతోనే ఉంటయి.'

మూలన కూర్చున్న ఒకతను "ఆడామెకా మనం ఇన్ని దినాలు తలూపింది?" అని లేచి, బండి స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు. మిగతావాళ్లు శంకర్ వైపు చూశారు. అతను లేచి ఒక సాంచా నడిపించాడు. మోతలో ఇక ఎవరూ ఏమీ అడగడానికి లేదు. పోగులు చూస్తూ చాలాసేపు మాకు వీపు తిప్పి నిలబడ్డాడు. తర్వాత ఆపాడు.

"నా పెండ్లాంను తెచ్చుకో అన్నది గా పటేలే. తెచ్చుకున్న. మంచిగున్నం. ఇప్పుడు చెప్పింది ఆడామె అని మళ్ల పంపుతనా?"

"మరి నేను?" అన్నారు రాఘవరావు గారు.

"సిరి వద్దు. నాకు మనసొప్పదు. నీ పేరుతోనె రా."

"నా పేరుతోని వస్తే మీరు పరాష్కం ఆడరు గద."

"ఆడుతం. తిడుతం గూడ. రా."

ఆయన అప్పుడు చాప మీద కూర్చున్నారు.

మూడున్నరకు బయలుదేరుతుంటే శంకర్ ఒక పొట్లం ఇచ్చాడు. పటేల్ కోసం తన సాంచా మీద నేసిన తెల్ల నూలు రుమాలు. "ఎవరిది ఆళ్లకు ఇయ్యి లైబ్రరన్నా," అన్నాడు. తిరుగు బస్సులో సీటు దొరికింది. ఆరింటికి కోరుట్ల.

భాగ్య రుమాలు విప్పి, అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది. "నూలుదే," అంది. దాన్ని నీళ్లలో ముంచి పిండి, మరునాటి ఆకు అందులో చుట్టింది.

"పటేల్ రుమాలు గట్ల చేస్తరా?" అంది అత్త.

"తడి మంచిగ పడుతది అత్తమ్మా."

ఏడింటికి జగిత్యాల బస్సు. కిటికీ పక్కన కూర్చుని ఫోనులో ఊరు తెరిచాను. నిజానికి ఆ ఊళ్లో ఎవరు ఎవరో నేను అంతకుముందు పుస్తకాల సాయంతో చాలా ఆలోచించాను. చూసింది ఆ ఒక్క రోజే. భాగ్య మీసాల బొమ్మ మార్చలేదు, పేరూ మార్చలేదు. రాఘవరావు అనే కొత్త మనిషి సంతలో నిలబడి ఉన్నాడు. దొరవారికి మేకలు కాయడం వస్తదా అని అప్పటికే ఎవరో రాశారు. ఆయన నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. వెళ్లిపోయినతని ఇంటికి తాళం ఉంది. ఆ జాగా ఎవరికివ్వాలని ఇద్దరు కొట్లాడుకుని పటేల్‌ను అడిగారు.

నా దగ్గర ఒక సలహా ఉంది. బస్సు మేడిపల్లి దాటింది, పటేల్ జవాబు ఇంకా రాలేదు. అందరూ ఆగి ఉన్నారు. ఫోను జేబులో పెట్టుకుని నేనూ ఆగాను.