దయచేసి తెలుగులో మాట్లాడండి

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీద ఉండేదని మావాళ్ళు అనేవారు. అది నిజం కాదు. ముక్కు మీద ఉండేది కళ్ళజోడు; కోపం ఒళ్ళంతా ఉండేది. పరిశోధన చేసేవాళ్ళకు ఓపిక కావాలంటారు గాని, నన్నడిగితే ముందు కావలసింది కోపమే. లేకపోతే ఏళ్ళ తరబడి ఒకే గదిలో, ఒకే యంత్రం ముందు కూర్చుని, దానిచేత "మళ్ళీ చెప్పండి" అనిపించుకోవడం ఎవరి తరం? మాది విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ విభాగం. నా పరిశోధన, చూసేవాళ్ళ మాట వినే సినిమా మీద. కథ ఒక మలుపు దగ్గర ఆగి "ఇప్పుడేం చేయాలి?" అని అడుగుతుంది, మనం నోటితో చెబితే కథ అటు తిరుగుతుంది. మనిషికీ యంత్రానికీ మధ్య మాట ఎలా కుదురుతుందో చూడడమే నా పని. (బంధువులకు మాత్రం నేను సినిమాల్లో చేరానని తెలిసింది. కొందరు తమ పిల్లల ఫొటోలు కూడా పంపించారు.)

మా గైడుగారిని నేను మనసులో సింపుల్ సారు అనుకునేదాన్ని. ఏ చిక్కు చెప్పినా "చాలా సింపులమ్మా" అని, ఆ సింపుల్ పని నాకే అప్పగించి కాఫీకి వెళ్ళేవారు. యంత్రానికి తెలుగు నేర్పాలంటే రకరకాల మనుషుల మాటలు వినిపించాలి. సారు ఫిల్మ్‌నగర్‌లో తనకు తెలిసిన డబ్బింగ్ కళాకారులను పిలిపించి, ఒక్క అక్షరం పొల్లు పోకుండా రికార్డు చేయించేశారు. "సార్, అందరూ ఒక్కలాగే మాట్లాడుతున్నారు. మా ఇంట్లో ఇలా ఎవరూ మాట్లాడరు" అన్నాను. "మీ ఇంటి కోసం కాదు కదమ్మా చేస్తున్నది? స్టాండర్డ్ తెలుగు వస్తే చాలు. మిగతావాళ్ళు దానికి అలవాటు పడతారు. సింపుల్" అన్నారు. ఆ 'మిగతావాళ్ళు' అన్న మాట గొంతులో ముల్లులా దిగింది. కానీ నా చదువు ఆయన చేతిలో ఉంది. మింగేశాను.

అలా అలవాటు పడ్డ మొదటి మనిషిని నేనే. షేక్‌పేటలో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. పగలంతా యంత్రంతో "తలుపు తీయండి, తలుపు వేయండి" అని వల్లించి, ఇంటికొచ్చాక కూడా అదే వరస. ఒక రోజు "చిన్నమ్మా, కొంచెం మంచినీళ్ళు ఇస్తావా?" అంటే, ఆమె చేతిలో గరిటెతోనే నన్ను ఎగాదిగా చూసి, "ఏందే, ఇంట్ల గూడ వార్తలు చదువుతున్నవ్? జర నీళ్ళియ్యి అంటే నీ నోరు అరిగిపోతదా?" అంది.

చివరికి ప్రదర్శన రోజు వచ్చింది. ఫిల్మ్‌నగర్‌లో ఒక చిన్న ప్రివ్యూ థియేటర్. ఒక నిర్మాత వచ్చి చూడ్డానికి ఒప్పుకున్నాడు. ఆయనకు నచ్చితే మా పరిశోధనకు ఆయన సంస్థ అండగా ఉంటుంది. "యంత్రం గురించి ఏమీ తెలియని మామూలు ప్రేక్షకురాలిని ఎవరినైనా తీసుకురామ్మా" అన్నారు సారు. నాకు వెంటనే చిన్నమ్మే గుర్తొచ్చింది. విడుదలైన ప్రతి సినిమా చూసి, విలన్‌ను కూర్చున్న చోటి నుంచే తిట్టే మనిషి. పెళ్ళిళ్ళకు కట్టే పట్టుచీర కట్టుకుని, ఆటోలో దారి పొడుగునా "హీరో గిట్ల వస్తడా?" అని అడుగుతూనే ఉంది.

మా కథలో, భార్యను కొట్టి ఇల్లు విడిచిపోయిన మొగుడు చాలాకాలానికి తిరిగొచ్చి తలుపు తడతాడు. అక్కడ కథ ఆగి, "తలుపు తీయమంటారా, వద్దంటారా?" అని అడిగింది. చిన్నమ్మ మైకును రెండు చేతులా పట్టుకుంది. "దర్వాజ తియ్యకు బిడ్డా! వాడు మంచోడు గాదు!" యంత్రానికి దర్వాజ అంటే తెలియదు, 'తియ్యకు'లో 'తియ్య' వరకే దాని చెవిన పడింది. తలుపు తెరుచుకుంది. మొగుడు లోపలికొచ్చి దర్జాగా చెప్పులు విడిచాడు.

"అయ్యో, తియ్యకు అంటే తీస్తదేందే ఈ పిల్ల!" చిన్నమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "ఎల్లగొట్టు వాన్ని! దర్వాజ బంద్ వెట్టు!"

బొమ్మ ఆగింది. తేనె పూసినట్టున్న ఆడగొంతు ఒకటి పలికింది. "క్షమించండి. మీరు చెప్పింది అర్థం కాలేదు. దయచేసి తెలుగులో మాట్లాడండి."

ఆ వాక్యం అందులో ఉందని నాకు తెలియదు. ముందు రోజే సారు చేర్పించారట. చిన్నమ్మ నా వైపు తిరిగింది. "నేను మాట్లాడింది తెలుగు గాదా, బిడ్డా?" అని అడిగింది. ఆమె అంత మెల్లగా మాట్లాడడం నేనెన్నడూ వినలేదు. వెనక వరసలో నిర్మాత కిసుక్కున నవ్వాడు. సారు ముందుకు వంగి, "కొంచెం నీట్‌గా మాట్లాడండమ్మా, సింపుల్" అన్నారు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి. చిన్నమ్మ చేతిలోని మైకు లాక్కున్నాను. సారు ముందు అన్నాళ్ళూ దాచిపెట్టుకున్న మా ఇంటి మాట కట్ట తెంచుకుంది. "నీట్‌గ ఏంది సార్? మా చిన్నమ్మ నీట్‌గనే మాట్లాడుతున్నది. మీ డబ్బాకే చెవుల్లేవు! ఈమెకు తెలుగు రాదా? తలుపు తియ్యమన్నా, ఎయ్యమన్నా మీ లెక్కనే అడుగాల్నా మేము? మా ఇంట్ల గిట్ల ఎవ్వరు మాట్లాడరని అప్పుడే చెప్పిన. విన్నరా మీరు?"

నా చేతిలో మైకు పనిచేస్తూనే ఉందన్న సంగతి ఆ కోపంలో ఎవరికి గుర్తుంటుంది? నా తిట్లలోంచి తనకు తెలిసిన ముక్కలు ఏరుకుని యంత్రం బుద్ధిగా పాటించింది. నా వెనక తెర మీద తలుపు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మొగుడు లోపలికొస్తున్నాడు, బయటికి పోతున్నాడు. చెప్పులు విడుస్తున్నాడు, తొడుక్కుంటున్నాడు. నిర్మాత పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మమ్మల్ని చూసే నవ్వుతున్నాడనుకుని ఆయన మీదా పడ్డాను. "నవ్వుతరేంది? మీ సినిమాలు చూసేటోళ్ళు గిట్లనే మాట్లాడుతరు!" ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "కోప్పడకమ్మా. ఆ మొగుణ్ణి లోపలికీ బయటికీ తిప్పే సీను అద్భుతంగా ఉంది. దాన్ని మాత్రం తియ్యకండి" అన్నాడు. చిన్నమ్మ చెయ్యి పట్టుకుని బయటికొచ్చేశాను.

ఎండలో జూబ్లీహిల్స్ రోడ్డు వెంట నడుస్తున్నాం. నా పరిశోధన ఇక అయిపోయిందనే అనుకున్నాను. కొంత దూరం వచ్చాక చిన్నమ్మ కొంగుతో నా మొహం తుడిచి, "మంచిగ అడిగినవ్ తియ్యి" అంది. ఇంకాస్త దూరం నడిచి, "గని, ఆఖరికి ఆ పిల్ల వాన్ని ఇంట్లకు రానిచ్చిందా, లేదా?" అంది.

నిర్మాత మళ్ళీ మా వైపు రాలేదు. కొన్నాళ్ళకు సారు పిలిపించి, 'దయచేసి తెలుగులో' అన్న ఆ వాక్యం తీసేయించానని చెప్పి, "మీవాళ్ళ మాటలు కూడా రికార్డు చెయ్యమ్మా. అయినా ఈ సంగతి ముందే చెప్పొచ్చు కదా?" అన్నారు. (ఆయన కాఫీ కప్పు ఆ రోజు పగలకుండా బయటపడడం నా సంస్కారం.) షేక్‌పేటలో, బోరబండలో, మోతీనగర్‌లో తిరిగాను. ఒక్క మాట చెప్పమంటే ఆడవాళ్ళు మైకు వదలకుండా సంసారాలన్నీ చెప్పుకున్నారు. నా చదువు మరింత ఆలస్యమైంది గాని, చిన్నమ్మ బంద్ వెట్టుమంటే తలుపు మూసుకునే రోజు కూడా వచ్చింది.

ఇప్పుడు నేనే గైడును. నేను చాలా శాంతంగా ఉంటానని నా విద్యార్థులు చెప్పుకుంటారు. సమావేశాల్లో ఒళ్ళు మండే మాట విన్నా, "ఆలోచిద్దాం" అని నీళ్ళు తాగుతాను. మొన్న ఒక అమ్మాయి నా గదిలోకి దూసుకొచ్చి, బల్ల మీద చరిచి, నేను చెప్పింది తప్పని అరిచింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు. కూర్చోకపోతేనే బాగుండునని నేను లోపల కోరుకుంటున్నట్టు పాపం ఆ పిల్లకేం తెలుసు?