హార్లన్ క్విస్ట్ మార్చుకోని క్యామ్

కోటలు కూలిన తేదీలూ, రాజులు సంధి చేసుకున్న తేదీలూ చరిత్ర పుస్తకాల్లో కావలసినన్ని దొరుకుతాయి. మినసోటా దక్షిణాన నార్‌బీ అనే ఊళ్ళో వెర్నా క్విస్ట్ మధ్యాహ్న భోజనానికి పెనంలో గుడ్లు కొట్టే వేళను మాత్రం ఏ పండితుడూ నమోదు చెయ్యలేదు. విద్యావంతుల నిర్లక్ష్యానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. ఎందుకంటే ఆ ఊళ్ళో బ్యాంకు గడియారం తనకు తోచినట్టు నడిచేది. లూథరన్ చర్చి గంట, దాన్ని కొట్టే పెద్దమనిషి మోకాళ్ళ నొప్పిని బట్టి మోగేది. వెర్నా గుడ్లు మాత్రం తప్పేవి కావు.

పద్ధతి ఇది. భర్త హార్లన్ ఊరి చివర ఇంజన్ల షెడ్డు మూసి, పాత షెవర్లే పికప్పులో భోజనానికి బయల్దేరేవాడు. సహకార సంఘం వాళ్ళ ధాన్యం గోదాము దగ్గర మలుపు తిరగడానికి బండిని నెమ్మది చేసేవాడు. నెమ్మది చెయ్యగానే ఆ ఇంజన్ గుర్రం దౌడు తీసినట్టు డబడబ, డబడబ మని ఊగుతూ కొట్టుకునేది. ఆ క్షణాన ఇంట్లో వెర్నా గుడ్లు కొట్టేది. అతను బండి ఆపి, బూట్లు విప్పి, చేతులు కడుక్కుని కూర్చునేసరికి వేయించిన బంగాళాదుంపల పక్కన రెండు గుడ్లు, పచ్చసొన కదులుతూ, పళ్ళెంలో ఉండేవి.

వంటింట్లో రేడియో మొక్కజొన్న ధరలు అరుస్తున్నా ఆమెకు వినబడేదని ఊరు చెప్పుకునేది. చలికాలం కిటికీలన్నీ బిగించి ఉన్నా వినబడేది. పొగమంచు కమ్మిన రోజునా, మంచు తుఫాను రోజునా మాత్రం గుడ్లు ఆలస్యమయ్యేవి. మంచు చప్పుడును మింగేస్తుందని కేఫులో కూర్చునే పెద్దలు శాస్త్రీయంగా తేల్చారు. దాన్ని ఎవరూ కాదనలేదు.

ఈ గుర్రం దౌడుకు కారణం ఇంజన్ లోపలి క్యామ్. అది హార్లన్ జీవితంలో ఏకైక కళంకం. ఎంచేతంటే చుట్టుపక్కల జిల్లాలన్నిట్లో, ఏ ఇంజన్‌కి ఏ క్యామ్ వెయ్యాలో చెప్పడంలో అతనంత మితవాది లేడు. మట్టి ట్రాకు మీద కారు పందాలాడే కుర్రాళ్ళు పెద్ద క్యామ్ కావాలని వచ్చి, చిన్నది పట్టుకుని, ముఖం వేలాడేసుకుని వెళ్ళి, వచ్చే వారం గెలిచి థాంక్స్ చెప్పడానికి వచ్చేవాళ్ళు.

పాల ట్యాంకరు నడిపే లానీ టెస్కీ కూడా అలాగే వచ్చాడు. ఇద్దరు పిల్లల తండ్రి, నలభై దాటినవాడు, ఒక పాత రెండు తలుపుల కారు కొని ప్రాణం దాని మీద పెట్టుకున్నవాడు.

“పెద్దాయనా, కారుకి క్యామ్ వెయ్యాలి. ఉన్నవాట్లో అన్నిటికన్నా పెద్దది ఇయ్యి.”

“దేనికి?”

“దేనికేంటి? కారుకి.”

“కారు దేనికని అడుగుతున్నా.”

లానీ ఇంతవరకూ ఆ దిక్కుగా ఆలోచించలేదు. “ఆదివారం చర్చికి. వేసవిలో జాతరకి. ఇంకా... మా అత్తగారింటికి.”

“అత్తగారింటికి పోయేటప్పుడు ఇంజన్ని నిమిషానికి ఆరువేల చుట్లు తిప్పుతావా?”

“అక్కడికా? అంత తొందరేం లేదులే.”

హార్లన్ బల్ల మీద నుంచి ఒక పాత క్యామ్ తీశాడు. మూరెడు పైన పొడవున్న ఇనుప కడ్డీ, దాని మీద వరసగా గుబ్బలు. “ఇటు చివర్నుంచి చూడు. ఒక్కో గుబ్బ కోడిగుడ్డు ఆకారం. కడ్డీ తిరుగుతుంటే గుడ్డు మొన వాల్వుని తోసి తెరుస్తుంది. మొన ఎంత ఎత్తుంటే తలుపు అంత బార్లా తెరుచుకుంటుంది. మొన వెడల్పయితే ఎక్కువసేపు తెరిచుంటుంది. ఇంతే, ఇందులో బ్రహ్మవిద్యేం లేదు.”

“ఎక్కువసేపు తెరిచుంటే మంచిదేగా?”

“వేగంగా తిరిగేప్పుడు మంచిదే. గాలి లోపలికొచ్చే టైముండదు కాబట్టి తలుపు తీసే ఉంచాలి. నెమ్మదిగా తిరిగేప్పుడో? వచ్చే తలుపూ పోయే తలుపూ రెండూ కాసేపు ఒక్కసారే తెరిచుంటాయి. పోవాల్సిన పొగ పోకుండా వెనక్కొచ్చి, వచ్చే గాలిలో కలుస్తుంది. ఇంజన్ తడబడుతుంది. మీరంతా దాన్ని విని గుర్రం, గుర్రం అని మురిసిపోతారు. గుర్రం కాదురా అది, దగ్గు.”

“దగ్గయినా బావుంటుంది పెద్దాయనా.”

“బండి బరువెంతో చెప్పు. వెనక గేరేంటో చెప్పు. సిలిండర్లో గాలి ఎంత గట్టిగా ఒత్తుకుంటుందో చెప్పు. ఎక్కువసేపు ఏ వేగంలో తిప్పుతావో చెప్పు. అవన్నీ తేలాకే క్యామ్. రెండిట్లో ఏదో తేలకపోతే చిన్నది తీసుకో. చెవుల కోసం క్యామ్ కొన్నవాడు ఎవడూ బాగుపళ్ళేదు.”

లానీ షెడ్డు బయట నిలబెట్టిన షెవర్లే వైపు గడ్డంతో చూపించాడు. “మరి నీ దాంట్లో ఏం వేశావేంటి, సన్నాయా?”

హార్లన్ కళ్ళజోడు తీసి, జేబులోని నూనె గుడ్డతో తుడిచి, ముందుకన్నా మసకగా చేసి పెట్టుకున్నాడు. “అది కుటుంబ విషయం.”

నిజానికి అది యవ్వన విషయం. పెళ్ళికి ముందు జాతర పందెంలో వెర్నా ముందు గెలవాలని అప్పటికి దొరికిన అతి పెద్ద క్యామ్ వేశాడు. బరువైన పికప్పు, బద్ధకపు గేర్లు. జెండా ఊపగానే అందరూ వెళ్ళిపోయారు, అతను దగ్గుతూ మిగిలాడు. వెర్నా అతన్ని పెళ్ళి చేసుకుంది గాని, ఆ పందెం కారణంగా మాత్రం కాదు. అప్పట్నుంచి ప్రతి చలికాలమూ అతను ప్రకటించేవాడు: “ఈ ఏడు దాన్ని పీకేసి బుద్ధున్న క్యామ్ వేస్తా.”

“వేసుకో, నాకేం,” అనేది వెర్నా. “గుడ్లు ఎప్పుడు కొట్టాలో నాకెట్లా తెలుస్తుందో అదొక్కటీ చెప్పి వేసుకో.”

హార్లన్ ఓడిపోయినట్టు నిట్టూర్చేవాడు. షెడ్డుకొచ్చి, పెళ్ళాం ఒప్పుకోవడం లేదని నలుగురికీ చెప్పేవాడు. అంత సంతోషంగా ఓడిపోయే మనిషి ఆ జిల్లాలో ఇంకొకడు లేడు.

ఆ దంపతుల మధ్య ఒక సరిహద్దు ఒప్పందం కూడా ఉండేది. అతని లేత్ మిషన్ని ఆమె ముట్టుకోదు. ఫ్రిజ్ వెనక మూలనున్న పొయ్యి దగ్గరికి అతను పోడు. సంతకాలు లేకపోయినా రెండు పక్షాలూ ఆ ఒప్పందాన్ని జీవితాంతం గౌరవించాయి.

వెర్నాకు కడుపులో గడ్డ అని ఆకులు రాలే కాలంలో తెలిసింది. ఆస్పత్రి దూరం. హార్లన్ షెడ్డుకు తాళం వేసి, రోజూ ఆ పికప్పులోనే వెళ్ళొచ్చేవాడు. దారిలో ఒకసారి ఇంజన్ ఆయిలు మార్చాల్సి వచ్చి, పెట్రోలు బంకులో ఏది చేతికందితే అది పోసుకుని బయల్దేరాడు. పాత రకం క్యామ్ ఉన్న ఇంజన్లలో ఈ కాలపు ఆయిల్ ఒట్టిగా పొయ్యకూడదు. జింకు మందు ఒక సీసా కలపాలి, లేకపోతే గుబ్బలు అరిగిపోతాయి. ఆ మాట అతను ఎందరికో చెప్పాడు. ఎందరినో తిట్టాడు కూడా. ఆ రోజు డాక్టరు ఏం చెబుతాడో అన్న ధ్యాసలో, సీసా సీటు కిందే ఉండగా, మర్చిపోయాడు.

చివరి రోజుల్లో వెర్నా మాటలు తగ్గించేసింది. ఒక మధ్యాహ్నం కళ్ళు మూసుకునే అంది: “హార్లన్, ఇప్పుడు మార్చుకో ఆ క్యామ్. అడ్డం చెప్పేదాన్ని ఉండను.”

“ఊరుకో.”

“భోజనం కేఫులో చెయ్యి. నీకు గుడ్లు వెయ్యడం రాదు.”

భార్యాభర్తలు విడిపోయేటప్పుడు పెద్ద మాటలేవో అనుకుంటారని జనం నమ్మకం. వీళ్ళనుకున్నవి ఇవే. నేల ఇంకా గడ్డకట్టక ముందే ఆమెను పాతిపెట్టారు. గొయ్యి తవ్వేవాళ్ళు ఆ సంగతి మెచ్చుకోలుగా చెప్పారు. చర్చి కింది హాల్లో కాఫీ, హ్యామ్ శాండ్విచ్‌లూ పెట్టారు. ఆడవాళ్ళు వారం పాటు వేడి క్యాసరోల్ గిన్నెలు తెచ్చి, గిన్నెల అడుగున తమ పేర్లు అంటించి ఇచ్చారు. తర్వాత హార్లన్ కేఫుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. పొయ్యి మీద వెర్నా బోర్లించిన పెనం అలాగే ఉంది.

మంచు కరిగే వేళకు లానీ షెడ్డుకొచ్చాడు. గుమ్మంలో ఆగి, బయట ఇంజన్ ఆపకుండా నిలబెట్టిన షెవర్లేను చెవి ఒగ్గి విన్నాడు.

“పెద్దాయనా, గుర్రం కుంటుతోంది.”

“తెలుసు.”

“ఎప్పట్నుంచి?”

“కొన్నాళ్ళాయె.”

“మరి విప్పవేం?”

హార్లన్ బల్ల మీది పనిముట్లు సర్దసాగాడు. విప్పితే ఏం కనబడుతుందో అతనికి తెలుసు. చివరికి లానీయే చొక్కా చేతులు మడిచాడు. ఇద్దరూ కలిసి సాయంత్రందాకా విప్పారు. క్యామ్ బయటికొచ్చింది. ఒక గుబ్బ మొన అరిగి, గుడ్డు కాస్తా గోళీ అయిపోయింది.

“జింకు పొయ్యలేదు,” అన్నాడు హార్లన్. “ఆస్పత్రికి పోతూ మార్చా. మర్చిపోయా.”

లానీ క్యామ్‌ని బల్ల మీద పెట్టాడు. “ఆ నెల్లో ఎవడికి గుర్తుంటుంది పెద్దాయనా,” అన్నాడు. తర్వాత వాతావరణం తేలిక చెయ్యాలని, హార్లన్ గొంతుతోనే, గడ్డం పైకెత్తి అందుకున్నాడు: “బండి బరువెంత? గేర్లేంటి? కారు దేనికి? చెవుల కోసం క్యామ్ కొన్నవాడు ఎవడూ బాగుపళ్ళేదు! వెయ్యవయ్యా ఇప్పుడు, బుద్ధున్నది. చెప్పీ చెప్పీ మా ప్రాణాలు తీశావుగా.”

హార్లన్ నవ్వలేదు. కోపగించుకోనూ లేదు. లానీ చెప్పింది అక్షరాలా సరైనది. బుద్ధున్న క్యామ్ వేస్తే బండి చక్కగా లాగుతుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది, ఎర్ర లైటు దగ్గర ఒణకదు. జీవితమంతా తను కోరుకుంటున్నానని చెప్పింది అదే. అడ్డం చెప్పే మనిషి కూడా అనుమతి ఇచ్చి పోయింది. కాకపోతే, గోదాము మలుపు దగ్గర ఇక మెత్తగా, పిల్లిలా తిరగాలి. అదొక్కటే అతనికి చేతకావడం లేదు. వినే మనిషి లేని చప్పుడు ఎవరికోసమని తనను తాను ప్రశ్నించుకోలేదు. ఇతరులనెవరినైనా ఆ మాట అడగడానికి మాత్రం ముప్పొద్దులా తయారుగా ఉండేవాడు.

మర్నాడు క్యాములు సాన పట్టే కంపెనీకి ఫోన్ చేశాడు. లానీ బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అవతలి మనిషి మర్యాదస్తుడు, వయసులో చిన్నవాడు. బండి బరువు అడిగాడు. గేర్లు అడిగాడు. కంప్రెషన్ అడిగాడు. హార్లన్ అన్నీ చెప్పాడు.

“బండి దేనికి వాడతారు సార్?”

“షెడ్డుకి. భోజనానికి ఇంటికి.”

“అయితే సార్, మా దాంట్లో చిన్న సైజొకటి మీకు బ్రహ్మాండంగా సరిపోతుంది. మెత్తగా, చక్కగా...”

“వద్దు.”

“మరి ఆ క్యామ్ మీకేం చేసిపెట్టాలి సార్?”

హార్లన్ కళ్ళజోడు తీశాడు. నూనె గుడ్డ కోసం జేబు తడుముకుని, తియ్యకుండానే వదిలేశాడు.

“మలుపులో నెమ్మది చేస్తే, ఇంట్లో వంటింట్లోకి వినబడాలి.”

లానీ కప్పు దించి నేల చూశాడు.

“ఎంత దూరం సార్?” అన్నాడు అవతలివాడు.

“అర మైలుంటుంది.”

“కిటికీలు తెరిచుంటాయా, మూసుంటాయా?”

“చలికాలం మూసే ఉంటాయి.”

“అయితే రెండు వాల్వులూ కలిసి తెరిచుండే టైము బాగా ఎక్కువ కావాలి సార్. పాతరోజుల నమూనా ఒకటుంది. అడిగేవాళ్ళు తక్కువ. బండి లాగదు మరి, చెబుతున్నా.”

“తెలుసు. అదే పంపించు.”

ఫోన్ పెట్టేశాక లానీ ఒక్క మాటే అన్నాడు. “జింకు నేను తెస్తా.”

కొత్త క్యామ్‌కి ఒక నియమం ఉంది. మొదటిసారి ఇంజన్ అంటుకోగానే నెమ్మదిగా తిప్పకూడదు. గుబ్బలు కుదురుకునేదాకా, ఒక ఇరవై నిమిషాలు, గట్టిగానే తిప్పుతుండాలి. అంచేత హార్లన్ ఏ చప్పుడు కోసం ఇదంతా చేశాడో, మొదట ఆ చప్పుడే రాలేదు. షెడ్డు నిండా ఒకే హోరు. లానీ గడియారం చూస్తూ, హార్లన్ చూడకుండా నిలబడ్డారు. తర్వాత అతను పెడలు వదిలాడు. ఇంజన్ దిగి, తడబడి, ఆగిపోతుందేమో అన్నట్టు ఊగి, అందుకుంది. డబడబ, డబడబ.

లానీ టోపీ తీశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలియక మళ్ళీ పెట్టుకున్నాడు.

“దగ్గుతోంది పెద్దాయనా.”

“అవున్రా,” అన్నాడు హార్లన్, “బాగా దగ్గుతోంది.”

మధ్యాహ్నమైంది. అతను కేఫు ముందు ఆగకుండా వెళ్ళాడు. గోదాము మలుపు దగ్గర ఎప్పటిలా నెమ్మది చేశాడు. గోదాము తెల్ల గోడకు తగిలి గుర్రం డెక్కల చప్పుడు రెండింతలై పొలాల మీదుగా పోయింది. అవసరమున్నదానికన్నా కొంచెం ఎక్కువసేపే ఆ మలుపు తిరిగాడు. ఇంటి ముందు బండి ఆపాడు, బూట్లు విప్పాడు, చేతులు కడుక్కున్నాడు, బల్ల దగ్గర కూర్చున్నాడు. పళ్ళెం లేదు. ఉంటుందనుకునేంత పిచ్చివాడు కాదతను. అయినా కొంతసేపు కూర్చున్నాడు.

తర్వాత లేచి, రెండు గుడ్లు తీసుకుని, ఒప్పందాన్ని మొదటిసారి ఉల్లంఘించి ఫ్రిజ్ పక్కనుంచి మూలకు వెళ్ళాడు. బోర్లించిన పెనం తిప్పి పెట్టాడు. వెన్న వేశాడు. ఒక గుడ్డు కొట్టాడు, పచ్చసొన పగిలిపోయింది. రెండోది కొట్టబోతూ తలెత్తాడు.

పొయ్యి ముందు నిలబడితే ఎదురుగా ఒక చిన్న కిటికీ ఉంది. అందులోంచి గోదాము, దాని పక్క మలుపు, పొగమంచు లేని రోజున శుభ్రంగా కనిపిస్తాయి.